బొమ్మ రాలేదే, నాయనా!

తిరుమలలో బ్రహ్మోత్సవాలు జరిగే రోజుల్లో సాయంత్రం ఏడు దాటిన తర్వాత తిరుపతిలో మా వీధి వెంట నడిస్తే ఏ గుమ్మం ముందు నిలబడినా ఒకే నాదస్వరం వినబడుతుంది. కొండ ఎక్కలేని ముసలివాళ్ళు ఫోనును చెంబుకు ఆనించి పెట్టుకుని వాహనసేవ చూస్తూ వుంటారు. సరిగ్గా అదే గడియలో డల్లాసులో పొద్దుటి కాఫీ తాగుతూ వాళ్ళ మనుమడు కూడా అదే చూస్తూ వుంటాడు. అవ్వ చేతిలో వున్నది ఏ కంపెనీ ఫోను, మనుమడి ఒళ్ళో వున్నది ఏ జాతి కంప్యూటరు అని ఎవరూ అడగరు. అడగవలసిన అవసరమే లేదు. వాన కురిసినంత సహజంగా బొమ్మ వచ్చేస్తుందని మనం అనుకుంటున్నాం. మా సీమలో వాన కురవడం అంత సహజమేమీ కాదనుకోండి. ఈ బొమ్మ సంగతీ అలాంటిదే.

ఇరవై ఏళ్ళపాటు ఇది ఇలా లేదు. కంప్యూటరులో ఏదైనా వీడియో చూడబోతే, బొమ్మ వుండవలసిన చోట బూడిదరంగు చతురస్రం, దాని మధ్య పిల్లలు ఆడుకునే అతుకుల బొమ్మలో ఒక ముక్కలాంటి గుర్తు, దాని కింద “ప్లగిన్ లేదు” అని ఒక సందేశం కనిపించేవి. మీలో నలభై దాటినవారికి ఆ గుర్తు జ్ఞాపకం వుండే వుంటుంది. ఆ ముక్క కోసం ఎన్ని ఇళ్ళలో ఎంతమంది ఎదురుచూశారో లెక్క కట్టినవారు లేరు.

ఇంతకంటే పాతకాలపు సినిమా నయమని నా అభిప్రాయం. వెటకారానికి అనడం లేదు. ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిలిం కొలతలు 1909 లోనే దేశాల మధ్య ఒప్పందంగా స్థిరపడ్డాయి. ఒక్కొక్క బొమ్మకు ప్రక్కన నాలుగేసి చిల్లులు. మాటలు వచ్చిన తర్వాత సెకనుకు ఇరవైనాలుగు బొమ్మలు. అంతే. చిత్తూరు అన్నమాట ఇంటిపేరులాగా అంటిపెట్టుకున్న నాగయ్యగారి ‘త్యాగయ్య’ 1946 లో వచ్చింది. ఆ రీళ్ళు ఏ వూరి హాలుకు చేరినా, అక్కడి ప్రొజెక్టరు ఏ కంపెనీదని రీలు అడగలేదు. రీలు ఏ స్టూడియోదని ప్రొజెక్టరూ అడగలేదు. టూరింగు టాకీసు డేరాలోనూ బొమ్మ పడింది, లండనులోనూ పడుతుంది. మరి అంతకంటే ఎన్నో రెట్లు తెలివైనదని పేరు పడ్డ కంప్యూటరుకు వచ్చిన రోగం ఏమిటి?

రోగం పుట్టుకలోనే వున్నది. మనం ఇంటర్నెట్టు చూసే బ్రౌజరు మొదట్లో అక్షరాలు చదవడం, నిలకడగా వుండే బొమ్మలు చూపడం మాత్రమే నేర్చుకున్నది. కదిలే బొమ్మ దానికి రాదు. 1996 లో నెట్‌స్కేపు అనే బ్రౌజరు తన రెండో కూర్పుతో ఒక ఉపాయం చేసింది. “నాకు రాని పని వస్తే బయటి పనివాణ్ణి పిలుచుకుంటాను. నా ఇంట్లో ఇంత చతురస్రం జాగా ఇస్తాను. ఆ జాగాలో అతని ఇష్టం” అన్నది. ఆ బయటి పనివాడే ప్లగిన్. పెళ్ళికి వంటబ్రాహ్మణ్ణి పిలిచినట్లు అనుకోండి. మన ఇల్లే, మన పొయ్యే; గరిటె మాత్రం ఆయన చేతిలో వుంటుంది. అయితే ఈ వంటవాడు ఇంటింటికీ ఒకే వంట చేయడు. విండోసు ఇంటికి ఒకణ్ణి, మాకింటాషు ఇంటికి ఇంకొకణ్ణి, లినక్సు ఇంటికి మరొకణ్ణి కంపెనీ విడివిడిగా తయారుచేసి పంపాలి. ఫలానా ఇంటికి పంపడం గిట్టుబాటు కాదని కంపెనీ అనుకుంటే ఆ ఇంట్లో ఆ రోజు పస్తే.

మైక్రోసాఫ్టువారు ఇంకో అడుగు ముందుకు వేసి యాక్టివ్ఎక్సు అనే తమ సొంత పద్ధతి పెట్టారు. అది వారి ఎక్స్‌ప్లోరరులో, వారి విండోసు మీద మాత్రమే నడుస్తుంది.

అసలు ఈ వంటవాళ్ళ అవసరం ఎందుకు పడిందో తెలియాలంటే చిన్న లెక్క చేయాలి. అడ్డం 640, నిలువు 480 చుక్కలున్న మామూలు బొమ్మకు, చుక్కకు మూడేసి బైట్ల చొప్పున తొమ్మిది లక్షల పైచిలుకు బైట్లు కావాలి. సెకనుకు పాతిక బొమ్మలంటే రెండు కోట్ల ముప్పై లక్షలు. మన దేశంలో 1995 ఆగస్టు 15 న సామాన్యులకు ఇంటర్నెట్టు వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు టెలిఫోను తీగె మీద మనకు దొరికిన గొప్ప వేగం సెకనుకు ఏడువేల బైట్లు. అంటే ఒక్క సెకను వీడియో రావడానికి యాభై అయిదు నిమిషాలు పట్టాలి! తిరుపతిలో లీలామహల్ సర్కిలు నుంచి యూనివర్సిటీ దాకా ఆ రోజుల్లో నెట్టు సెంటర్లు నడిపినవాళ్ళూ, గంటకు ఇంతని ఇచ్చి చెక్క గదుల్లో కూర్చున్నవాళ్ళూ ఈ లెక్క చేయకుండానే అర్థం చేసుకున్నారు.

కాబట్టి బొమ్మను నలిపి, మడతపెట్టి, ఉండ చుట్టి పంపాలి. చేరినచోట మడత విప్పాలి. ఈ మడతపెట్టే విద్యను కోడెక్కు అంటారు. ఏ కంపెనీ మడత ఆ కంపెనీకే తెలుసు. రియల్ కంపెనీ 1995 లో మాటను, 1997 లో బొమ్మను మడతపెట్టి పంపడం మొదలుపెట్టింది. ఆపిల్ వారిది క్విక్‌టైం మడత. మైక్రోసాఫ్టువారిది విండోసు మీడియా మడత. ఒకరి మడత ఇంకొకరు విప్పలేరు. టిఫిను క్యారియరు చూడటానికి ఒకలాగే వుంటుంది; మూత తీస్తేగాని లోపల పులిహోరా, పెరుగన్నమా తెలియదు. పైగా ఇక్కడ మూత తీసే గొళ్ళెం కూడా కంపెనీ కంపెనీకీ వేరు.

ఇదంతా యంత్రాలవాళ్ళ గొడవ, మనకెందుకని అనిపిస్తుంది. మా అక్క కూతురి పెళ్ళి దాకా నాకూ అలాగే అనిపించేది.

2009 ఫిబ్రవరిలో చిత్తూరులో పెళ్ళి. తెల్లవారుజామున అయిదున్నరకు ముహూర్తం. పెళ్ళికూతురి అన్న, అంటే నా మేనల్లుడు, శాన్ హోసేలో వుద్యోగం చేస్తున్నాడు. వాడి వీసా కాగితాలు మారే సమయం. దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదో తెలియదు. ఒక్కడే కొడుకు, ఒక్కతే చెల్లెలు. బావ రెండు రాత్రులు నిద్రపోలేదు. చివరకు ఫొటో స్టూడియో అతను వచ్చి, “పెళ్ళిని నేరుగా ఇంటర్నెట్టులో చూపిస్తాం సార్, ఇప్పుడు అందరూ అదే చేయిస్తున్నారు” అన్నాడు. పక్కింటి బ్రాడ్‌బ్యాండు తీగెను కిటికీలోంచి మండపంలోకి లాగారు. అక్కకు ప్రాణం లేచివచ్చింది.

మేనల్లుడిది మాకింటాషు. వాడికి అప్పుడు ముందురోజు సాయంత్రం నాలుగు గంటలు. వాడు స్నానం చేసి, పంచె కట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాడట. స్టూడియోవారి పేజీ తెరిచాడు. బూడిదరంగు చతురస్రం. మైక్రోసాఫ్టువారు మాకింటాషుకు తమ మీడియా ప్లేయరును 2006 జనవరిలోనే మానుకున్నారు. అంతకు నెల ముందే ఎక్స్‌ప్లోరరుకూ నీళ్ళు వదిలేశారు. దాని బదులు ఫ్లిప్‌ఫర్‌మాక్ అనే అతుకు ఒకటి దొరికేది. వాడు దాన్నీ తెచ్చి వేసుకున్నాడు. కాని ఆ పేజీని యాక్టివ్ఎక్సు పద్ధతిలో కట్టారు. ఆ తలుపుకు ఈ తాళంచెవి పట్టదు.

ఇక్కడ మండపంలో సన్నాయి మారుమోగుతోంది. నా ఫోను మోగింది. “మామా, బొమ్మ రాలేదు మామా” అన్నాడు. నేను వెళ్ళి స్టూడియో అబ్బాయిని అడిగితే, “మాకు ఇక్కడ బాగా వస్తా వుంది సార్” అని తన తెర చూపించాడు. నిజమే, వాడి తెర మీద దివ్యంగా వస్తోంది! పీటల మీదనుంచే అక్క నావైపు తిరిగి, “అబ్బోడికి కనపడతా ఉండాదా రా?” అని సైగతోనూ నోటితోనూ అడిగింది. నేను తల ఊపాను. అవుననీ అనుకోవచ్చు, కాదనీ అనుకోవచ్చు. ఆ ఊపు ఇంకా నా మెడలోనే వున్నది.

వాడు కారు వేసుకుని, విండోసు కంప్యూటరు వున్న స్నేహితుడి ఇంటికి పరుగెత్తాడు. వాడు చేరేసరికి తాళి కట్టడం అయిపోయింది. తలంబ్రాలు చూశాడు.

స్టూడియో అబ్బాయిని తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. వీడియో మడతపెట్టే మైక్రోసాఫ్టు సరుకు ఉచితంగా దొరుకుతుంది, వాడుకున్నాడు. చిత్తూరులో అతని ఖాతాదారుల ఇళ్ళలో వున్నవన్నీ విండోసు యంత్రాలే. మాకింటాషును అతను కంటితో చూసివుండడు. అటు మాకింటాషు వారికీ చిత్తూరు పెళ్ళి పట్టదు. ఎవరి అంగట్లో వాళ్ళు న్యాయంగానే వున్నారు. ఇద్దరి మధ్యా వున్న జాగాలోనే ఒక అన్న చెల్లెలి పెళ్ళి చూడలేకపోయాడు.

ఈ తగవును తీరుస్తానని ఫ్లాష్ అనే ప్లగిన్ అప్పటికే రంగంలోకి వచ్చింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అది నిజంగా చాలావరకు తీర్చింది. 2002 లో దానికి వీడియో చూపే శక్తి వచ్చింది. 2005 లో యూట్యూబు దాన్నే నమ్ముకుని పుట్టింది. విండోసులోనూ మాకింటాషులోనూ ఒకే బొమ్మ. కాని తగువు తీర్చిన పెద్దమనిషే ఊరికి మునసబైనట్లయింది. ఇప్పుడు అందరి వీడియోలూ అడోబీ అనే ఒక్క కంపెనీ ఇష్టం మీద ఆధారపడ్డాయి. లినక్సు వారికి ఒక పూట అన్నం, ఒక పూట గంజి. దొంగలు దూరే కన్నాలు నెలనెలా బయటపడేవి. వాటిని పూడ్చడానికి నెలనెలా కొత్త కూర్పు వేసుకోవాలి. 2007 లో వచ్చిన ఐఫోను ఫ్లాషును గుమ్మంలోకే రానివ్వలేదు. అది బ్యాటరీని తింటుందనీ, యంత్రాన్ని కూలుస్తుందనీ, ఒక కంపెనీ సొత్తనీ 2010 ఏప్రిల్లో స్టీవ్ జాబ్స్ బహిరంగ లేఖ రాశాడు. తాళం వేసిన ఇంట్లో కూర్చుని తాళాల మీద ఉపన్యాసం చెప్పాడని కొందరు నవ్వారు. నవ్వదగ్గదే. అయినా చెప్పినది అబద్ధం కాదు. 2012 ఆగస్టులో ఆండ్రాయిడు ఫోన్లకూ అడోబీ ఫ్లాషును ఇవ్వడం మానేసింది.

అసలు మందు వేరేచోట తయారవుతూ వచ్చింది. బయటి వంటవాణ్ణి పిలవడమెందుకు, ఇంట్లోవాళ్ళే వంట నేర్చుకుంటే పోలేదా అన్నది ఆ ఆలోచన. 2007 లో ఒపెరా బ్రౌజరువారు ప్రతిపాదించారు: అక్షరానికీ బొమ్మకూ వున్నట్లే వీడియోకూ ఒక గుర్తు వుండాలి, ఆ గుర్తు కనబడితే ఏ బ్రౌజరైనా తనంతట తానే చూపాలి. మాట తేలికే. ఏ మడతను అందరూ నేర్చుకోవాలన్న దగ్గర మళ్ళీ పేచీ. 2003 లో స్థిరపడ్డ హెచ్ 264 మడత శ్రేష్ఠమైనదే, కాని దాని మీద పేటెంట్లున్నాయి. వాడితే కప్పం కట్టాలి. ఉచితంగా పంచే ఫైర్‌ఫాక్సు వారు కట్టమన్నారు. గూగులు 2010 లో వెబెమ్ అనే వేరే మడతను ఉచితంగా ఇచ్చింది. ఆపిల్ చాలాకాలం దాని ముఖం చూడలేదు. చివరకు 2013 లో సిస్కో కంపెనీ కప్పం తాను కడతాననీ, ఆ మడత విప్పే సరుకును ఎవరైనా వాడుకోవచ్చుననీ ముందుకు వచ్చింది. కొత్త ప్రమాణం 2014 అక్టోబరులో ఖరారైంది. 2015 లో యూట్యూబు ఫ్లాషును పక్కన పెట్టింది. అదే సంవత్సరం సెప్టెంబరులో క్రోము బ్రౌజరు 1996 నాటి ప్లగిన్ పద్ధతికే తలుపు వేసింది. ఫ్లాషుకు 2020 డిసెంబరు 31 ఆఖరి రోజైంది.

ఆ 2020 మనకు మరో రకంగా జ్ఞాపకం. మార్చిలో కొండ మీద దర్శనం ఆగిపోయింది. జూనులో మళ్ళీ మొదలుపెట్టినా, సెప్టెంబరు బ్రహ్మోత్సవాలు ఏకాంతంగా గుడి లోపలే జరిగాయి. మాడవీధుల్లో జనం లేని గరుడసేవ రోజును మా తరంవాళ్ళం వూహించి వుండము. 2008 లో మొదలైన శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ తెర మీద, ఇంటర్నెట్టులో, ఫోన్లలో చూసినదే ఆ సంవత్సరం ఉత్సవం. అప్పుడు మా పక్కింటి అవ్వ ఫోనులో ప్లగిన్ అడిగివుంటే ఏం చేసేది? అడగలేదు. ఆవిడకు ఆ మాటే తెలియదు. ఇంటర్నెట్టు ప్రమాణాల కోసం ఏళ్ళ తరబడి కమిటీల్లో కొట్లాడినవాళ్ళకు ఇంతకంటే మంచి సన్మానం వుంటుందని నేననుకోను.

కాని తలుపు మూసేటప్పుడు లోపల వుండిపోయినవాటి సంగతి ఒకటి వుంది.

2019 లో మా బావ పోయాడు. రెండేళ్ళ తర్వాత మేనల్లుడు చిత్తూరు వచ్చి, పెళ్ళి వీడియోలో నాన్న గొంతు వినాలన్నాడు. పెళ్ళి ఆల్బం డిస్కు పెట్టాం. మీ ఇంట్లోనూ వుండే వుంటుంది అలాంటిది: మొదటినుంచి చివరిదాకా సినిమా పాటలే, మనుషుల నోళ్ళు కదులుతాయి, మాట వినబడదు. కాని ఆనాడు ఇంటర్నెట్టులో పంపినదాన్ని స్టూడియోవాళ్ళు వేరే డిస్కులో నింపి ఇచ్చారని అక్క చెప్పింది. బీరువాలో పట్టుచీరల కింద దొరికింది. డిస్కు వేయడానికి ఇప్పటి కంప్యూటర్లలో సందే లేదు. కట్టమంచిలో తెలిసినవాళ్ళను అడిగి డిస్కు పెట్టె తెచ్చాం. పెట్టగానే పువ్వులూ కలశమూ వున్న పేజీ తెరుచుకున్నది. మధ్యలో అదే చతురస్రం. ఈసారి మాకింటాషు, విండోసు అన్న తేడా కూడా లేదు. క్రోములో ఎవరికీ రాదు. స్టూడియో ఏనాడో ఎత్తేశారు.

డిస్కులోని పెట్టెలు ఒక్కొక్కటే తెరిచి చూస్తే, లోపల అంకెల పేరుతో పెద్ద ఫైలు కనబడింది. ప్లగిన్ లేనంతమాత్రాన ఫైలు చచ్చిపోదన్నమాట! దాన్ని వీఎల్‌సీ అనే ప్లేయరులో వేశాం. పారిస్ లో ఇంజనీరింగు విద్యార్థులు 1996 లో మొదలుపెట్టిన సరుకది. 2001 నుంచి దాని మూలం అందరికీ ఇచ్చేశారు. దాదాపు ప్రతి కంపెనీ మడతనూ విప్పే విద్యను అది తన సంచిలోనే మోసుకు తిరుగుతుంది. బొమ్మ వచ్చింది. చిన్నది, మసకది. బావ పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతూ కెమేరా వైపు తల ఎత్తి, “ఒరే అబ్బోడా, కాళ్ళు కడగతా ఉండా. చూస్తా ఉండావా?” అన్నాడు.

పన్నెండేళ్ళ తర్వాత చేరిన మాట అది. మేనల్లుడు ఆ ఒక్క ముక్కనే మళ్ళీ మళ్ళీ వేసుకుంటూ కూర్చున్నాడు. అక్క వంటింట్లోనుంచి బయటకు రాలేదు.

తాళ్ళపాక వారి రాగిరేకుల గురించి మన జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. అన్నమయ్య 1503 లో పరమపదించాడు. తర్వాత కొడుకు పెదతిరుమలయ్య కాలంలో ఆ పాటలను రేకుల మీద చెక్కించి కొండ మీద భాండాగారంలో వుంచారు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత తలుపు తీస్తే, అక్షరాలు వచ్చినవాళ్ళు చదవగలిగారు. లిపి ఎవరి సొంతమూ కాదు గనుక ఎవరినీ అడిగే పని లేకపోయింది. అయితే ప్రతి పాట మీదా రాగం పేరు చెక్కారేగాని స్వరం చెక్కలేదు. పేరు మిగిలింది, వరుస పోయింది. తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు కొత్తగా వరుసలు కట్టవలసి వచ్చింది. ఆ రోజు అక్క ఇంట్లో అంకెల పేరున్న ఆ ఫైలును చూస్తుంటే నాకు ఆ రేకులే గుర్తుకొచ్చాయి. బయట పేరు వుంటుంది; లోపలిదాన్ని విప్పే విద్య ఎవరైనా దాచివుంచితేనే వరుస వినబడుతుంది.

ఇప్పుడు అన్నీ చక్కబడ్డాయా అంటే పూర్తిగా కాదు. ఐఫోను 2017 నుంచి హెచ్ఈవీసీ అనే కొత్త మడతలో వీడియో తీయగలదు. అలా తీసినదాన్ని విండోసు కంప్యూటరులో వేస్తే చాలాచోట్ల గొంతు వస్తుంది, బొమ్మ రాదు. విప్పే సరుకు విడిగా కొనుక్కోమంటుంది. సినిమాలు చూపే కంపెనీలు తమ బొమ్మలకు తాళం వేసి, తాళం తీసే చిన్న యంత్రాన్ని బ్రౌజరు లోపలే కూర్చోబెట్టాయి. 2017 లో దానికీ ప్రమాణాల సంఘం ముద్ర పడింది. అది ప్లగిన్ కాదంటారు. చతురస్రం కనబడకుండా లోపల కూర్చున్న ప్లగిన్ అని నేనంటాను. కాకపోతే సినిమా వేరు, మన ఇంటి పెళ్ళి వేరు; మన పెళ్ళికి తాళం ఎవరూ వేయలేదు, మనం వేయించుకుంటే తప్ప.

మొన్న మా తమ్ముడి కొడుకు పెళ్ళికి స్టూడియో మాట్లాడటానికి నేనే వెళ్ళాను. వీడియో ఎంపీ4 ఫైలుగా ఇవ్వాలి, హెచ్ 264 మడత అయివుండాలి, ఏ పేజీలోనూ పువ్వుల మధ్య బిగించకూడదు, పాటలు కలపని అసలు కాపీ వేరే ఇవ్వాలి, రెండు పెన్‌డ్రైవుల్లో ఇవ్వాలి అని ఒక్కొక్కటే చెప్పాను. అబ్బాయి శ్రద్ధగా విని, “డ్రోన్ షాట్లు కావాలా సార్, దానికి వేరే రేటు” అన్నాడు. వద్దన్నాను. నేను చెప్పినవన్నీ రసీదు వెనక తెలుగులో రాయించి, కింద సంతకం పెట్టించుకుని ఇంటికి వచ్చాను.